జాతీయాల పుట్టుకథలు: నమ్మదగినవీ, నమ్మరానివీ

ఇంగ్లీషు జాతీయాలకు అర్థాలు చెప్పే పుస్తకాలకు మనకు కొదవ లేదు. పోటీపరీక్షల గైడ్లలో వాటికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంటుంది. అర్థం తెలిశాక మనసు ఊరుకోదు. "అలా ఎందుకంటారు?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు దొరికే జవాబుల్లో చాలావరకు కట్టుకథలే. చరిత్ర ఎక్కడ ముగిసి కల్పన ఎక్కడ మొదలవుతుందో తేల్చుకొనే పద్ధతి ఏమిటన్నదే ఈ వ్యాసంలో నా విచారణ. ఉదాహరణలు కొన్ని ఇంగ్లీషువి, కొన్ని మా రొళ్ల చుట్టుపక్కలవి.

"రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అంటే జోరువాన. వానకోసం ఆకాశంకేసి చూడడమే అలవాటైన మా సీమలో కుక్కలూ పిల్లులూ కురవడం మరీ వింతగా తోస్తుంది. మన "కుండపోత"కు వివరణే అక్కరలేదు. కుండ వంచితే నీళ్లెలా పడతాయో అందరికీ తెలుసు. ఇంగ్లీషు మాటకు మాత్రం ఒక కథ ప్రచారంలో ఉంది. పూర్వం గడ్డికప్పుల మీద తలదాచుకున్న కుక్కలూ పిల్లులూ వాన జోరుకు జారి కింద పడేవట! 1999లో పదిహేనువందల నాటి జీవితం పేరిట ఈమెయిళ్లలో తిరిగిన ఒక రచన ఈ కథను లోకమంతా చాటింది. గడ్డిల్లు ఎరిగినవారెవరూ దీన్ని నమ్మరు. వాన వస్తే కుక్క చూరు కిందికి చేరుతుంది గాని కప్పెక్కి తడవదు. గ్రంథాలు చూస్తే, దీనికి దగ్గరి మాటలు పదిహేడవ శతాబ్ది మధ్యలో కనిపిస్తాయి. 1738లో జోనథన్ స్విఫ్ట్ అచ్చువేసిన సంభాషణల పుస్తకంలో ఇప్పటి రూపమే ఉంది. అసలు కారణం మాత్రం నేటికీ తేలలేదు.

ఇలా కథ అల్లడం ఇంగ్లీషువారికి మాత్రమే ఉన్న అలవాటు కాదు. హిందూపురానికి చేరువనే ఉన్న లేపాక్షిని చూడండి. నేలకొరిగిన జటాయువును రాముడు "లే, పక్షీ" అన్నాడు గనుక ఆ పేరు వచ్చిందని ఒక కథ. అచ్యుతరాయల కాలంలో ఆలయం కట్టించిన విరూపణ్ణ, రాజాగ్రహానికి ముందే తన కళ్లు తానే పెరికి గోడకు విసిరాడనీ, "లోపాక్షి" అన్నది లేపాక్షి అయిందనీ మరో కథ. పేరు ఒకటే, కథలు రెండు. రెండూ ఒకేసారి నిజం కాలేవు. పేరు ముందు పుట్టి, దాన్ని విడమరిచి చెప్పడానికి కథలు తరువాత పుట్టాయని అనుకోవడమే సమంజసం. అంతమాత్రాన వాటిని పారవేయనక్కరలేదు. ఊరిని రామాయణంతో ముడివేయాలన్న కోరికను ఒకటి, రాజదండన భయాన్ని మరొకటి దాచి ఉంచాయి. అవి పేరుకు చరిత్ర కావు. చెప్పుకొన్న జనానికి చరిత్ర.

సాక్ష్యం దొరికే సందర్భాలూ లేకపోలేదు. పెనుకొండకు సంస్కృతంలో ఘనగిరి అని పేరు. "పెను" అంటే పెద్ద అనే అర్థంలోనే పూర్వులు ఆ పేరును గ్రహించారని ఆ అనువాదమే చెబుతోంది. ఇంగ్లీషులో "హాబ్సన్స్ చాయిస్" అటువంటిదే. థామస్ హాబ్సన్ కేంబ్రిడ్జిలో గుర్రాలు అద్దెకిచ్చేవాడు, 1631లో మరణించాడు. వాకిలికి దగ్గరగా ఉన్న గుర్రాన్నే తీసుకోవాలి, లేదా కాలినడకన పోవాలి. ఎంపిక లేని ఎంపిక అన్నమాట. 1712లో స్పెక్టేటర్ పత్రిక ఈ సంగతిని వివరించింది. ఇక్కడ మనిషి, ఊరు, కాలం మూడూ దొరుకుతున్నాయి.

ఇదే పేరు వినిపించే "హాబ్సన్-జాబ్సన్" కథ పూర్తిగా వేరు. హెన్రీ యూల్, ఎ. సి. బర్నెల్ కూర్చిన ఆంగ్లో-ఇండియన్ పదాల నిఘంటువుకు అది పేరు, 1886లో వెలువడింది. బర్నెల్ మద్రాసు రాజధానిలోనే ఉద్యోగం చేసినవాడు. మొహర్రం ఊరేగింపుల్లోని "యా హసన్! యా హుస్సేన్!" అన్న ఆక్రందనను తెల్ల సిపాయిలు తమ నోటికి అలవాటైన ఇంటిపేర్లుగా మార్చుకోగా ఆ మాట పుట్టింది. పీర్ల పండుగనాడు కులమతభేదం లేకుండా గుండం చుట్టూ చేరే మా సీమవాసులకు ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోతారు.

ఆ నిఘంటువే మరో ఊహను ముందుకు తెచ్చింది. ఇంగ్లీషువారు లెక్కచేయనని చెప్పడానికి వాడే "డామ్" అనే మాట తిట్టు కాదనీ, మన దేశపు రాగినాణెం "దామ్" అనీ! అక్బరు కాలంలో నలభై దాములు ఒక రూపాయి. ఊహ అందమైనదే. ఆక్స్‌ఫర్డ్ నిఘంటుకారులు మాత్రం దానికి ఆధారం లేదని తోసిపుచ్చారు.

అసలు విశేషం ఇక్కడుంది. ఇంగ్లీషులో లేని ఆ నాణెం మన తెలుగులో ఉంది! "దమ్మిడీకి కొరగాడు" అంటున్నామే, ఆ దమ్మిడీ దామ్ నుంచి వచ్చిన దమ్డీయే. దామ్‌కు మూలం సంస్కృతంలోని ద్రమ్మం. దానికి మూలం గ్రీకుల ద్రాఖ్మా. చదువురాని ముసలమ్మ మనుమణ్ణి విసుక్కొనే మాటలో రెండువేల ఏళ్ల వాణిజ్యం దాగి ఉంది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి పాత లెక్కలు పోయాయి; జాతీయం మాత్రం చెల్లుబాటులోనే ఉంది.

మా రొళ్ల కన్నడ సరిహద్దులోని ఊరు. ఇక్కడ ఒకే వీధిలో రెండు భాషలూ వినిపిస్తాయి. అసూయకు తెలుగులో "కడుపుమంట", కన్నడంలో "హొట్టెకిచ్చు". మాటా అదే, మంటా అదే. లంచానికి మాత్రం తెలుగువాడు చెయ్యి తడుపుతాడు, కన్నడిగుడు "కై బిసి" అంటూ చెయ్యి వెచ్చచేస్తాడు. ఏది ఎవరు ఎవరినుంచి తీసుకున్నారో, ఏది ఉమ్మడి సొత్తో పోలికను చూసి మాత్రమే చెప్పలేం. తేదీ కావాలి, తావు కావాలి.

మనకు కొరవడినవి సరిగ్గా అవే. ఇంగ్లీషులో ప్రతి మాటకూ తొలి ప్రయోగం ఏ సంవత్సరానిదో వెతికి చెప్పే నిఘంటువుంది. మనకు 1852 నాటి బ్రౌన్ నిఘంటువు, 1868లో కెప్టెన్ కార్ ప్రకటించిన రెండువేలకు పైగా సామెతల సంపుటి, 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో మొదలైన మాండలిక వృత్తిపదకోశం వంటివి దారిదీపాలు. వాటి వెలుగు సోకని ఊళ్లు ఎన్నో. కపిలబావి పోయింది, దానితోపాటు మోటతోలే మాటలూ పోతున్నాయి. చెప్పేవారు వెళ్లిపోయాక మిగిలేది లేపాక్షి పేరులాగా ఒక మాట, దాని చుట్టూ ఎవరికి తోచిన కథ వారిది.

కనుక చదువరులకు నా మనవి ఒకటే. మీ ఊళ్లో ఒక జాతీయం చెవిన పడితే అర్థంతో సరిపెట్టుకోకండి. ఎవరు, ఏ పనిలో, ఏ ఊళ్లో, ఏ సంవత్సరంలో అన్నారో పక్కనే రాసిపెట్టండి. పుట్టుకథ చెబితే దాన్నీ రాయండి, కాని కథ అనే రాయండి. రేపటి నిఘంటుకారునికి మనం ఇవ్వగలిగిన సాక్ష్యం అదే.