గోడకెక్కిన ప్రదక్షిణ పథం: అమరావతి శిల్పాల ప్రదర్శన

మ్యూజియంలోకి వచ్చిన సందర్శకుడు వివరణ ఫలకం దగ్గరికి చేరకముందే ఆ గది అతనికి కొంత చెప్పేసి ఉంటుంది. వస్తువును ఎంత ఎత్తులో పెట్టారు, దాని చుట్టూ తిరగడానికి వీలుందా, వెలుగు ఎటునుంచి పడుతోంది, మధ్యలో గాజు ఉందా అనేవి అక్షరం అవసరం లేకుండానే మన చూపును నడిపిస్తాయి. చరిత్ర విద్యార్థి వీటిని కూడా ఆధారాలుగా పరిశీలించాలి. అమరావతి శిల్పాలు ఇందుకు మంచి ఉదాహరణ.

ముందుగా మహాచైత్యం ఎలా ఉండేదో గుర్తుచేసుకుందాం. సుమారు 50 మీటర్ల వ్యాసం గల స్తూపం, దాని చుట్టూ మనిషి కంటే ఎత్తైన రాతి ప్రాకారం, రెండింటి మధ్య ప్రదక్షిణ పథం. ప్రాకారం బయటి ముఖంపై ఎక్కువగా పద్మాలు కనిపిస్తాయి. జాతక కథలు, బుద్ధుని జీవిత ఘట్టాలు ఎక్కువగా లోపలి ముఖంపై ఉంటాయి. అంటే ద్వారం దాటి లోపలికి వచ్చి, స్తూపాన్ని కుడివైపు ఉంచుకొని నడిచేవారికే ఆ కథలు ఒక్కొక్కటిగా ఎదురయ్యేవి. బయటి ఊరు, పొలాలు ఆ దారిలో ఉన్నవారికి కనిపించవు. ఇక్కడ శిల్పాన్ని చదవడమంటే నడవడమే.

ఈ వరస తరువాత చెదిరిపోయింది. స్థానికులు దీపాలదిన్నె అని పిలిచిన ఆ దిబ్బ నుంచి 18వ శతాబ్దం చివర్లో కట్టడాల కోసం రాళ్లు తీశారు. 1816లో కాలిన్ మెకంజీ బృందం సర్వే చేసి చిత్రాలు గీసింది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి, అక్కడి నుంచి 1859లో లండన్‌కు ఓడెక్కాయి.

1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి వచ్చాక ప్రధాన మెట్లదారి గోడలపై అమర్చారు. మెట్లెక్కే మనిషి ఎక్కడికో వెళుతుంటాడు, ఆగడు. కథలున్న రాయి అతనికి గోడ అలంకారంగానే కనిపిస్తుంది. గోడకు ఆనించిన రాయి వెనుక ముఖం ఎలాగూ కనిపించదు. పేరు సంగతి కూడా చూడండి: ఇవి పల్నాటి సున్నపురాయి, అయినా 'అమరావతి మార్బుల్స్' అనే పిలిచారు. గ్రీకు పాలరాతి శిల్పాలకున్న గౌరవాన్ని ఆ పేరు అరువు తెచ్చుకుందనిపిస్తుంది.

లండన్ గాలి రాళ్లకు హాని చేస్తుండటంతో వాటిని చాలాకాలం నేలమాళిగలో ఉంచి, 1992లో ప్రత్యేక గదిలో గాజు గోడ వెనుక ప్రదర్శించారు. గాజు రాయిని కాపాడుతుంది. అదే గాజు 'ఇది విలువైనది, దూరంగా ఉండండి' అని కూడా అంటుంది. నడిచి చూడవలసిన ప్రాకారాన్ని నిలబడి చూడవలసి వస్తుంది. చెన్నై మ్యూజియంలో రాళ్లను 19వ శతాబ్దంలో గోడలోనే పొదిగారు. అక్కడ నష్టం అర్థానికే పరిమితం కాలేదు, గోడలోని తేమ, లవణాలు రాతిని కూడా తిన్నాయి. సంరక్షణ ఒకవైపు, అనుభవం మరొకవైపు లాగుతున్నప్పుడు రాయి మిగలడమే ముందు అన్న వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం.

పరిశీలన: ప్రదర్శనలో ఉన్న చైత్య ఫలకాలలో కొన్నింటిపై స్తూపమే చిన్న రూపంలో, ద్వారంతో, ప్రాకారంతో చెక్కి ఉంటుంది. అమరావతికి వెళ్లగలిగినవారు ముందు దిబ్బ చుట్టూ ఒకసారి నడవండి. తరువాత అక్కడి మ్యూజియంలో అలాంటి ఫలకం ముందు నిలబడి, మీరిప్పుడే నడిచిన దారి ఆ రాతిలో ఎక్కడుందో గుర్తించండి. మీ పాదాలు ఏ శిల్పం దగ్గర ఆగాయో, ఎందుకు ఆగాయో నోటుపుస్తకంలో రాసుకోండి.