కొత్త కారు - చేసినవాని పూచీ

మన పల్లెలలో ఎడ్ల సంతకు పోయిన రైతు ఎద్దు నోరు తెరచి పండ్లు చూచును. నాలుగడుగులు నడిపించి కాలి తీరు గమనించును. సుడులు వెదకును. సంగతి తెలిసిన పెద్దమనిషి నొకనిని వెంట తీసికొనిపోవును. కుండ కొను ఇల్లాలు దానిని వ్రేలితో కొట్టి, ఖంగుమను ధ్వని విన్న పిమ్మటగాని డబ్బు చేతబెట్టదు. ఇట్లు కొనువాని కన్నును చెవియు చాలినంతకాలము, "చూచి కొనుము, కొన్న తరువాత నన్నడుగకుము" అను అమ్మకందారుని మాటలో కొంత న్యాయము కలదు.

మోటారుకారు సంగతి వేరు. దాని భాగములు వేలకొలదిగా ఇనుపరేకుల మాటున దాగియుండును. స్టీరింగు కడ్డీలో వెంట్రుకవాసి పగులున్నచో దుకాణములోని దీపముల వెలుగున దానిని కనిపెట్టగలవా డెవ్వడు? రంగు చూతుము, తలుపు తీసి వేసి చూతుము, ఒక మైలు దూరము నడిపి చూతుము. అంతటితో మన పరీక్ష ముగియును. ఇంటిల్లిపాది ప్రాణములను మాత్రము ఆ బండికి అప్పగింతుము. కనుకనే కారు పుట్టిన పిమ్మట న్యాయస్థానముల కొక ప్రశ్న తప్పనిసరి అయినది: కొనువానికి కనబడని లోపమునకు పూచీ ఎవరిది? ఈ ప్రశ్నకు సమాధానము ఒక్కనాడు రాలేదు. అది అంచెలంచెలుగా వచ్చిన తీరును ఈ ప్రసంగమున మనవి చేయుదును.

కొన్న వస్తువునందు దోషము బయటపడినచో తిరిగి ఇచ్చివేయవచ్చునను ఆలోచన క్రొత్తది కాదు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున కొనుగోలు వస్తువులకు పరీక్షాకాలములు చెప్పబడినవి. విత్తనములకు 10 దినములు, ఇనుమునకు 1 దినము, పాడిపశువునకు 3 దినములు, బరువు లాగు పశువునకు 5 దినములు, రత్నములకు 7 దినములు. ఈ లెక్కలో ఎంతో లోకజ్ఞానమున్నది. విత్తనము మొలకెత్తవలెను, ఆవు పాలీయవలెను, ఎద్దు కాడి మోయవలెను. వస్తువు గుణము అంగడిలో తేలదు, వాడుకలో తేలును. రోము నగరమునందును ఈడైలులను అంగడి అధికారులు, బానిసలను పశువులను అమ్మువారు వాని దోషములను ముందుగనే చెప్పవలెనని శాసించిరి. మనుష్యులను సైతము సరకుగా నెంచిన కాలమది. చెప్పని దోషము కనబడినచో కొన్నవాడు 6 నెలలలోపల సరకు తిరిగి ఇచ్చివేయవచ్చును. లేదా సంవత్సరములోపల ధర తగ్గింపు కోరవచ్చును.

ఇంగ్లండు న్యాయశాస్త్రము మాత్రము వేరొక దారి త్రొక్కినది. "కొనువాడే జాగ్రత్తపడవలెను" అనునది అచ్చటి సూత్రము. 1603లో ఒకడు బెజోరు అను మహిమగల రాయియని చెప్పగా నమ్మి, 100 పౌనులిచ్చి ఒక రాతిని కొనెను. అది నిజమైన బెజోరు కాదని తేలినది. కోర్టు అతనికి న్యాయము చేయలేదు. అమ్మినవాడు "ఇది బెజోరు" అని చెప్పినాడే కాని, అందులకు తాను పూచీయని మాట ఇయ్యలేదు గదా యనిరి. 1893లో ఆ దేశమున సరకుల విక్రయచట్టము వచ్చి, వ్యాపారి అమ్ము సరకు అమ్మకమునకు తగిన నాణ్యత గలదై యుండవలెనను షరతు ప్రతి బేరమునందును అంతర్లీనముగా నుండునని చెప్పినది. అయితే ఉభయులును ఒప్పుకొని ఆ షరతును తీసివేసికొనవచ్చునని అందే మరియొక వాక్యము. ఈ చట్టము పోలికనే మన దేశమున 1930లో సరకుల విక్రయచట్టము చేయబడినది. అందు 16వ సెక్షను పూచీని ప్రసాదించినది, 62వ సెక్షను దానిని ఒప్పందముచే తొలగించుకొనుటకు వీలిచ్చినది.

దీనికి తోడు మరియొక అడ్డుగోడ యుండెను. ఎవనితో ఒప్పందము జరిగినదో వానినే అడుగవలెను, ఇతరుల నడుగరాదు. ఈ నియమమునకు పేరుపడిన కేసు 1842 నాటిది. ఇంగ్లండులో హార్ట్‌ఫర్డు, హోలీహెడ్డు ఊళ్ళ నడుమ తపాలాబండి తోలు వింటర్‌బాటం అనునతడు బండి విరిగి పడిపోయి కుంటివాడయ్యెను. బండిని సమకూర్చి, మంచిస్థితిలో నుంచుదునని తపాలాశాఖతో ఒప్పుకొన్నవాడు రైట్ అను మరియొకడు. బండితోలువాడు రైట్‌పై దావా వేయగా న్యాయమూర్తులు కొట్టివేసిరి. ఒప్పందము తపాలాశాఖతో గాని నీతో కాదు గదా యనిరి. ఇట్టివారికి దారి తెరచినచో దారిని పోవు ప్రతివాడును దావా వేయునని వారి భయము. విరిగినది తోలువాని కాలు. ఒప్పందము కాగితము మరియొకనిది.

గుఱ్ఱపుబండి నాటి ఈ నియమము మోటారుకారు కాలమునకు అట్లే దిగివచ్చినది. కారు కంపెనీ కారును ఏజెంటునకు అమ్మును, ఏజెంటు మనకు అమ్మును. లోపమున్నదని కంపెనీ నడిగిన "మీతో మాకు బేరము లేదు" అనును. ఏజెంటు నడిగిన "నేను చేసితినా?" అనును.

ఈ గోడను పగులగొట్టినది అమెరికాలో ఒక కఱ్ఱ చక్రము. డొనాల్డ్ మాక్ఫర్సన్ అను రాతిపనివాడు 1910లో న్యూయార్కు రాష్ట్రమున ఒక ఏజెంటువద్ద బ్యూయిక్ కారు కొనెను. 1911లో అతడు ప్రయాణము చేయుచుండగా చక్రపు ఆకులు విరిగి, కారు కూలబడి, అతడు బయటికి విసరివేయబడి గాయపడెను. చక్రములోని కఱ్ఱ నాసిరకముది. కంపెనీ ఆ చక్రమును స్వయముగా చేయలేదు, మరియొక కార్ఖానావద్ద కొనినది. కాని తగిన పరీక్ష చేసియున్నచో లోపము తెలిసెడిదనియు, ఆ పరీక్ష జరుగలేదనియు సాక్ష్యము వచ్చినది.

1916లో న్యూయార్కు అప్పీలు కోర్టున న్యాయమూర్తి బెంజమిన్ కార్డోజో తీర్పు చెప్పెను. ఆ కారు గంటకు 50 మైళ్ళు పోవుటకు చేయబడినది. అందు ముగ్గురు కూర్చుండుటకు చోటున్నది. చక్రము చెడినచో ప్రాణాపాయమని కంపెనీకి తెలియును. ఇక కారును ఎవ్వరు ఎక్కరు అని నిశ్చయముగా చెప్పదగినవాడు ఒక్క ఏజెంటే. అతడు కొన్నది తిరిగి అమ్ముటకు గదా! పాత నియమము ప్రకారము చట్టము కాపాడునది ఆ ఎక్కని ఒక్కనినే. ఇది న్యాయమగునా యని కార్డోజో ప్రశ్న. గుఱ్ఱపుబండ్ల నాటి తీర్పులు నేటి ప్రయాణములకు సరిపడవని ఆయన నిర్ణయించెను. అజాగ్రత్తగా చేసినచో అపాయకరమగు వస్తువును చేసినవాడు, ఒప్పందముతో పనిలేకయే, దానిని వాడువారికి బాధ్యుడు. ప్రధాన న్యాయమూర్తి బార్ట్‌లెట్ మాత్రము ఈ తీర్పుతో ఏకీభవింపక, పాత నియమమునే పట్టుకొనెను. కాలక్రమమున కార్డోజో మాటయే నిలిచినది.

అయినను కొనువానికి చిక్కులు తొలగలేదు. కార్డోజో తీర్పు ప్రకారము కంపెనీ అజాగ్రత్తను బాధితుడే ఋజువు చేయవలెను. అంతలో కంపెనీలు మరియొక ఉపాయము కనిపెట్టెను. రేడియో కొన్నవారందరికిని గ్యారంటీకార్డు తెలిసినదే. చూచుటకు అది మనకిచ్చిన వరమువలె నుండును. ఆ కాలపు అమెరికా కార్ల వారంటీలలో ఒక చేత ఇచ్చినది కొంచెము, మరియొక చేత తీసికొన్నది చాల. 90 దినములు లేక 4,000 మైళ్ళు, ఏది ముందైన అంతవరకు చెడిన భాగమును కార్ఖానాకు పంపినచో మార్చి ఇత్తురు. ఇందుకు బదులుగా తక్కిన పూచీలన్నియు రద్దు!

ఇట్టి కాగితముపై 1955 మే నెలలో న్యూజెర్సీ రాష్ట్రమున హెన్నింగ్‌సెన్ అను గృహస్థు సంతకము చేసెను. మాతృదినోత్సవమునకు భార్యకు కానుకగా ప్లిమత్ కారు కొనుట ఆయన సంకల్పము. షరతులన్నియు కాగితము వెనుకవైపున సన్నని అక్షరములలో నుండెను. ఆయన వానిని చదువలేదు. మే 9వ తేదీన కారు ఇంటికి వచ్చినది. 19వ తేదీన ఆమె నడుపుచుండగా ముందుభాగమున పెద్ద చప్పుడైనది. స్టీరింగు చేతిలో గిఱ్ఱున తిరిగిపోయి, కారు ఒక్కసారి కుడివైపునకు దూకి గోడను గుద్దుకొన్నది. అప్పటికి ఆ కారు నడచినది 468 మైళ్ళు మాత్రమే. ముందుభాగము నుజ్జునుజ్జగుటచే ఏ భాగము చెడినదో చెప్పుటకు వీలులేకపోయెను. కనుక అజాగ్రత్తను ఋజువు చేయు మార్గము లేదు. కాగితము చూచిన భార్యపేరే అందు లేదు.

1960లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఆ కాగితమును కొట్టివేసినది. కోర్టు చెప్పిన కారణము గమనింపదగినది. ఆనాటి అమెరికాలో నూటికి 93 వంతులకు పైగా కార్లు చేయునవి మూడే కంపెనీలు. వారంటీ వాక్యములు కంపెనీల సంఘము వ్రాసినవి. అన్ని కంపెనీల కాగితము ఒక్కటే. ఇష్టము లేదని మరియొక దుకాణమునకు పోయినను అచ్చటను అదే కాగితము ఎదురగును. బేరమాడు స్వేచ్ఛ లేనిచోట సంతకమును సమ్మతి యనుట ఎట్లు? కావున ఆ షరతులు ప్రజాహితమునకు విరుద్ధములనియు, కారు సరియైనదను పూచీ కంపెనీనుండి కొన్నవానికే కాక ఆ కారు నడుపు ఇంటివారికి కూడ వర్తించుననియు కోర్టు నిర్ణయించినది.

ఇంతవరకు చెప్పినది గాయపడినవారి కథ. ఎవ్వరికిని గాయము చేయక, యజమానిని మాత్రము నెలకు నాలుగుమారులు షెడ్డుకు త్రిప్పు కారు మాటేమి? అమెరికావారు ఇట్టి కారును "లెమన్" అందురు, అనగా నిమ్మకాయ. మనకు నిమ్మకాయ శుభప్రదము. కొత్త కారు చక్రముల క్రింద నిమ్మకాయలుంచి త్రొక్కించి గాని వీధిలోనికి తీయము. వారికి మాత్రము అది చేదు అనుభవమునకు పేరు! కాలిఫోర్నియాలో 1970 నాటి చట్టము, సబబైనన్ని మారులు ప్రయత్నించియు బాగుచేయలేకపోయినచో వస్తువు మార్చవలెను లేదా సొమ్ము తిరిగి ఈయవలెనని చెప్పినది. 1975లో అమెరికా కేంద్రప్రభుత్వపు వారంటీచట్టము, వారంటీ సంపూర్ణమైనదో పరిమితమైనదో స్పష్టముగా వ్రాయవలెనని విధించినది. కాని "సబబైనన్ని మారులు" అనగా ఎన్ని? మూడా, ముప్పదియా?

1982లో కనెక్టికట్ రాష్ట్రము దీనికి లెక్క చెప్పినది. వారంటీకాలములోపల లేదా మొదటి సంవత్సరములోపల అదే లోపమునకు 4 మారులు మరమ్మతు జరిగియు కుదురకపోయినను, మొత్తముమీద 30 దినములు కారు షెడ్డులోనే పడియున్నను, కంపెనీ వేరు కారు ఈయవలెను లేదా డబ్బు వాపసు చేయవలెను. కాలిఫోర్నియాయు అదే సంవత్సరము ఇట్టి లెక్కనే చట్టమున చేర్చినది. క్రమక్రమముగా 50 రాష్ట్రములును ఇట్టి చట్టములు చేసికొనినవి. వీనికే లెమన్ చట్టములని వాడుకపేరు. పరీక్షాకాలమును దినములలో లెక్కించు యాజ్ఞవల్క్యుని పద్ధతికి ఇది దూరపు చుట్టమువలె తోచును.

మన దేశమున కారు దొరకుటయే భాగ్యమనుకొన్న దినములు చాలకాలము సాగినవి. డబ్బు కట్టి ఏండ్లతరబడి వంతుకు వేచియున్నవాడు, వచ్చిన కారులో లోపము వెదకునా? 1986 నాటి వినియోగదారుల రక్షణచట్టము ఈ స్థితిని మార్చినది. జిల్లా ఫోరములో న్యాయవాది లేకయే ఫిర్యాదు చేయుటకును, అవసరమగుచో వస్తువును పరీక్షాశాలకు పంపించుటకును, లోపము తీర్చుట, వస్తువు మార్చుట, ధర వాపసు, నష్టపరిహారము అను నాలుగు ఉపశమనములకును అవకాశము కలిగినది. దాని స్థానమున 2019లో వచ్చిన చట్టము, ఫిర్యాదుదారు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చునన్నది. వస్తువు చేసినవాని పూచీకి ఒక అధ్యాయమునే కేటాయించినది. అదే సంవత్సరము మోటారువాహనముల చట్టమును సవరించి, లోపముగల కార్లను వెనుకకు రప్పింపుమని కంపెనీల నాజ్ఞాపించు అధికారమును కేంద్రప్రభుత్వమున కిచ్చిరి.

అయినను ఒక లోటున్నది. 4 మారులు, 30 దినములు అను లెక్క మన చట్టములో లేదు. 2006లో మన సుప్రీంకోర్టు ఒక కారు కేసులో, వారంటీ షరతు చెడిన భాగమును బాగుచేయుటకో మార్చుటకో మాత్రమే అయినప్పుడు, కారు మొత్తమును మార్చి ఇమ్మని చెప్పుట సబబు కాదన్నది. కనుక తయారీలోనే మూలదోషమున్నదని ఋజువు చేయు బరువు మన కొనుగోలుదారునిమీద నేటికిని మిగిలియున్నది. హెన్నింగ్‌సెన్ సంతకము చేసిన సన్నని అక్షరముల బలము మనవద్ద పూర్తిగా తగ్గలేదు.

కావున కొత్త కారు కొన్న గృహస్థు చేయదగిన పని ఒకటి కలదు. వారంటీ పుస్తకమును పూజనాడే చదువవలెను. కారు షెడ్డుకు పోయిన ప్రతిమారును, లోపమేమో జాబ్‌కార్డుపై తన మాటలలో వ్రాయించి, తేదీ వేయించి, ప్రతిని దాచుకొనవలెను. నోటిమాటగా చెప్పి వచ్చిన ఫిర్యాదు కోర్టులో నిలువదు. ఎద్దు పండ్లు చూచిన మన తాతల జాగ్రత్త నేడు ఆ కాగితములు దాచుకొనుటలో నున్నది. లెక్క చెప్పు చట్టము మన దేశమున వచ్చువరకు అవియే కొనువానికి సాక్షులు.