సహాయక మెయిల్ సర్వర్లు – స్పామ్ వడపోత

ఒక డొమైన్ పేర వచ్చు ఈమెయిళ్లను నిత్యము స్వీకరించు ప్రధాన సర్వరు విద్యుత్తు పోవుటచేతనో, నెట్‌వర్కు తెగుటచేతనో, మరమ్మతుల నిమిత్తమో అందుబాటులో లేని వేళ, వానిని తనయొద్ద క్యూలో నిలువయుంచి, అది తేరుకొనిన పిమ్మట దానికి అప్పగించు సర్వరునకు సహాయక మెయిల్ సర్వరు లేక బ్యాకప్ ఎంఎక్స్ అని పేరు. మెయిలు నష్టపోకుండుటకై ఏర్పడిన ఈ సాధనము, స్పామ్ వడపోతయందు ప్రధాన సర్వరుతో సమానమైన కట్టుదిట్టములు లేనిచో, దుష్టులకు దొడ్డిదారియై మేలుకంటె కీడునే అధికముగా కలిగించును.

పనిచేయు విధము

ఏ డొమైన్ మెయిలును ఏ సర్వరునకు అందింపవలయునో తెలుపు ఎంఎక్స్ రికార్డులు డొమైన్ పేర్ల వ్యవస్థయగు డీఎన్‌ఎస్ నందుండును. వీని పద్ధతిని క్రెయిగ్ పార్ట్రిడ్జ్ 1986 జనవరిలో వెలువరించిన ఆర్‌ఎఫ్‌సీ 974 అను ప్రమాణ పత్రము నిర్దేశించినది. ప్రతి రికార్డునకును ఒక ప్రాధాన్య సంఖ్య యుండును. సంఖ్య ఎంత చిన్నదో ప్రాధాన్యము అంత పెద్దది. ప్రధాన సర్వరునకు 10, సహాయకమునకు 20 ఇచ్చినచో, పంపు సర్వరు మొదట 10ని ఆశ్రయించి, అది పలుకనప్పుడే 20 కడకు పోవలయును. సహాయక సర్వరు తన సంఖ్యకు సమానమైన, లేక అంతకు మించిన సంఖ్యగల సర్వరులకు మెయిలును పంపరాదను నియమముచేత, మెయిలు వానిమధ్య వలయముగా తిరుగక ప్రధాన సర్వరునకే చేరును.

స్పామ్ వలన కలుగు చిక్కులు

స్పామ్ పంపువారు ఈ క్రమమును పాటింపక, ప్రధాన సర్వరు చక్కగా పనిచేయుచున్నప్పుడు సైతము పెద్ద సంఖ్యగల సర్వరునే బుద్ధిపూర్వకముగా ఆశ్రయింతురు. అచట వడపోత సడలియుండుననియు, సహాయకము పంపిన మెయిలును ప్రధాన సర్వరు నమ్మి స్వీకరించుననియు వారెరుగుదురు.

అంతకంటె గడ్డుది బ్యాక్‌స్కాటర్ అనబడు చిక్కు. ఒక సర్వరు 250 అను సంఖ్యతో మెయిలును అంగీకరించినంతనే దాని బాధ్యత ఆ సర్వరుదే యగును: గమ్యమునకు చేర్చవలయును, లేదా చేరలేదని పంపినవారికి తెలుపవలయును. ఒక కళాశాలలో లేని ఉద్యోగి పేర, పంపినవారి స్థానమున ఏ పాపమెరుగని మూడవ వ్యక్తి చిరునామాను ఉంచి, ఒకడు స్పామును సహాయక సర్వరునకు పంపెననుకొందము. ఉద్యోగుల జాబితా తనకడ లేకపోవుటచేత ఆ సర్వరు దానిని స్వీకరించును. పిమ్మట అందింపబోగా ప్రధాన సర్వరు ‘ఇట్టి చిరునామా లేదు’ అని 550 సంఖ్యతో త్రోసిపుచ్చును. అంతట సహాయకము విధి ననుసరించి వ్రాసిన తిరుగులేఖ ఆ మూడవ వ్యక్తి పెట్టెలో పోయి పడును. ఇట్టివి వేలకొలది వెడలినచో ఆ సర్వరు చిరునామా నిషిద్ధ జాబితాలకెక్కి, కళాశాలవారి సక్రమమైన మెయిళ్లకును ఆటంకము కలుగును.

ఏర్పాటు

కావున సహాయక సర్వరునకు మొట్టమొదట కావలసినది చెల్లుబాటగు చిరునామాల జాబితా. పోస్ట్‌ఫిక్స్ అను మెయిల్ సర్వరు సాఫ్ట్‌వేరునందు రిలే రెసిపియెంట్ మ్యాప్స్ అను అమరికలో ఈ జాబితా నిచ్చినచో, లేని చిరునామాలను మెయిలు స్వీకరింపక మునుపే నిరాకరింపవచ్చును. నిషిద్ధ జాబితాల పరిశీలన, పంపు సర్వరునకు ఆ డొమైన్ పేర మెయిలు పంపు అనుమతి కలదా అని చూచు ఎస్‌పీఎఫ్ పరీక్ష మొదలగునవి రెండు సర్వరులయందును ఒకే తీరున నుండవలయును. 2003లో ఇవాన్ హారిస్ ప్రతిపాదించిన గ్రేలిస్టింగ్, అనగా అపరిచితులను 450 వంటి తాత్కాలిక నిరాకరణతో త్రిప్పిపంపి మరల వచ్చినవారిని అంగీకరించు ఉపాయము, ప్రధాన సర్వరునందు మాత్రమే యున్నచో వ్యర్థము. నిరాకృతుడైనవాడు వెంటనే సహాయక సర్వరునుండి లోనికి వచ్చును.

ప్రధాన సర్వరు సహాయకమును గుర్తెరుగుటయు అవసరమే. ఎస్‌పీఎఫ్ పరీక్ష తనతో సంధానమైన సర్వరు ఐపీ చిరునామాను చూచును గనుక, సహాయకము మీదుగా వచ్చిన సక్రమమైన మెయిలు సైతము తప్పుగా తోచును. సందేశముతో కూడి ప్రయాణించు డీకేఐఎం సంతకమునకు ఈ బాధ లేదు. స్పామ్‌అసాసిన్ అను వడపోత సాఫ్ట్‌వేరునందు సహాయకము చిరునామాను ఇంటర్నల్ నెట్‌వర్క్స్ అను అమరికలో చేర్చినచో, ఆ సాఫ్ట్‌వేరు సహాయకమును దాటి అసలు పంపిన సర్వరును పరిశీలించును. సహాయకము అందించిన మెయిలులో స్పామ్ కనబడినచో ప్రధాన సర్వరు దానిని తిప్పికొట్టక వేరు అరలో నుంచవలయును. తిప్పికొట్టినచో తిరుగులేఖల బాధ మరల మొదలగును.

రెండు సర్వరులును ఒకే గదిలో, ఒకే విద్యుత్తుపై, ఒకే నెట్‌వర్కుపై నున్నచో ఒకే ప్రమాదమున రెండును నిలిచిపోవును.

ప్రయోజనము, పరిమితి

ప్రధాన సర్వరు కొన్ని గంటలు నిలిచినంతమాత్రమున మెయిలు పోదు. 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5321 ప్రకారము పంపు సర్వరు కనీసము 4, 5 దినములు ప్రయత్నించుచుండవలయును. ఐనను ఆ ప్రయత్నముల వేళలు పంపువారి చేతిలోనివి. సహాయకమున్నచో క్యూ మన చేతిలోనుండును, ప్రధాన సర్వరు లేచినంతనే దానిని ఒక్కమారుగా విడుదల చేయవచ్చును. దీర్ఘకాల విఘాతములయందు క్యూ గడువును పెంచవచ్చును. పోస్ట్‌ఫిక్స్ నందు ఇది సహజముగా 5 దినములు.

ఈ లాభమునకు మూల్యము నిరంతర జాగరూకత. జాబితాలను, వడపోత నియమములను రెండుచోట్ల సమముగా నిలుపగల సంస్థ సహాయక సర్వరును నిశ్చింతగా పెట్టుకొనవచ్చును. అట్టి సంస్థ రెండు సర్వరులకును ఒకే ప్రాధాన్య సంఖ్య నిచ్చి, రెంటిని నిత్యము పనిలో నుంచుట మరింత మేలు, ఏలయన ప్రతిదినము వాడుకలోనున్న సర్వరునందు లోపము దాగియుండదు. అంత శ్రద్ధ వహింపజాలనివారు ఒక్క సర్వరునే సురక్షితముగా నడుపుకొని, పంపు సర్వరుల పునఃప్రయత్నములపై ఆధారపడుట ఉత్తమము.