జర సన్నగ కనవడాలె: ఒక వాక్యానికి టీక

మూలం: "మా పిల్ల ముఖం నిండుగున్నది, మెడ పొట్టిగున్నది, ఫోటోల జర సన్నగ కనవడాలె."

జడ్చర్లలో, బాదేపల్లి బజారు వైపు బ్యూటీ పార్లర్లలో, పెండ్లిళ్ల కాలం వచ్చిందంటే ఇట్లాంటి మాట ఏదో ఒక తల్లి నోట రాకపోదు. హైదరాబాదు నుంచి మేకప్ ఆర్టిస్టును పిలిపించుకునేవాళ్లూ ఇదే చెప్తారు. విన్నవాళ్లలో చాలామంది బుగ్గల మీద రెండు గోధుమరంగు గీతలు గీసి, పని అయిపోయిందనుకుంటారు. వాక్యాన్ని పదం పదంగా విప్పితే అసలు పని బుగ్గల మీద కొంచెమే ఉందని తెలుస్తుంది.

మా పిల్ల: కోరిక తల్లిది, కుర్చీలో కూర్చున్నది పిల్ల. ముందు ఆమెను అడగాలి. "బుగ్గలు గిట్లనే ఉండనీ అక్కా, గదవ కింద జర చూడు" అనే పిల్లలూ ఉంటారు.

ముఖం: మొదటి పొరపాటు ఇక్కడే. పెండ్లికూతురు తెల్లగా మెరవాలని, ఆమె రంగు కన్నా రెండు మూడు షేడ్లు లేతగా ఫౌండేషన్ పూస్తారు. లేతరంగు పూసినచోటు ముందుకొచ్చి పెద్దగా కనబడుతుంది, ముదురురంగు వెనక్కి తగ్గుతుంది. నిండు ముఖానికి తెల్లపూత వేస్తే వెడల్పు పెరుగుతుంది, దవడ దగ్గర గీత పడి మెడ వేరొకరిదైనట్టు తేలుతుంది. సన్నగా కావాలి, తెల్లగానూ కావాలి అంటే రెండూ పొసగవు. ఈ మాట తల్లికి ముందే చెప్పడం మంచిది. షేడును మణికట్టు మీద కాకుండా దవడ అంచు నుంచి మెడ మీదికి రాసి, వాకిట్లో పగటి వెలుగులో చూడాలి. నలుగు పెట్టి మంగళస్నానం చేయించాక చర్మానికి పసుపు ఛాయ అంటుతుంది. ట్రయల్‌లో కుదిరిన షేడును ఆ పొద్దున మళ్లీ సరిచూడక తప్పదు.

నిండుగున్నది: కాంటూరింగ్ అని ఇప్పుడు పిలిచే పని నలుపు తెలుపు సినిమాల నాటిదే. మేకప్‌మెన్ అప్పుడూ నీడలతోనే ముఖాలకు తీరు తెచ్చారు. మెరుపు లేని పౌడరు గానీ క్రీము గానీ, చర్మం కన్నా ఒకటి రెండు షేడ్లు మాత్రమే ముదురుగా తీసుకోవాలి. చెవి దగ్గర మొదలుపెట్టి బుగ్గ ఎముక కింది పల్లం వెంట నోటి మూల వైపు లాగి, కంటి చివర నుంచి నిలువుగా గీత ఊహించుకుని అక్కడ ఆపేయాలి. అది దాటితే ముఖం పీక్కుపోయినట్టుంటుంది. తెల్లచర్మాల కోసం చేసిన బూడిదఛాయ షేడ్లు మన చామనఛాయ మీద మసి పూసినట్టు తేలతాయి. కొంచెం వెచ్చదనమున్న ముదురు గోధుమరంగు నయం. మెరిసే బ్రాంజర్ ఇక్కడ పనికిరాదు, నీడ మెరవదు కదా.

బ్లష్‌ను బుగ్గ మధ్యలో గుండ్రంగా అద్దితే గుండ్రదనం రెట్టింపు. ఎముక మీదుగా కణత వైపు పైకి లాగాలి. కనుబొమలను దారంతో మరీ సన్నం చేస్తే వాటి చుట్టూ ఖాళీ పెరిగి ముఖం ఇంకా పెద్దదవుతుంది. కొంచెం ఒత్తుగా, చివర కాస్త వంపుతో ఉంచితే చాలు. పెద్ద గుండ్రని బొట్టు కన్నా నిలువు తిలకం, దాని పైన పాపిటబిల్ల కలిసి ముఖం మధ్యలో ఒక నిలువు దారి గీస్తాయి. అయితే ముహూర్తానికి బాసికం కట్టగానే నుదురు సగం మూసుకుపోతుంది, కాబట్టి నుదుటి అంచుల నీడల కోసం అరగంట ఖర్చుపెట్టడం దండగ. దిష్టికి పెట్టే బుగ్గచుక్క సంగతీ చూడాలి. బుగ్గ ఉబ్బు నడిమధ్యన పెడితే చూపు అక్కడే ఆగుతుంది. దవడ వైపు కిందికి జరిపితే దిష్టికీ లోటుండదు, ముఖానికీ ఉండదు.

మెడ: ఈ పదం దగ్గర ఎక్కువసేపు ఆగాలి. మన శిల్పులకు మెడ మీది మూడు గీతలు లోపం కావు, అందంగా ఎంచి చెక్కినవి. ఆ గీతల్లో పౌడరు పేరుకున్నప్పుడే కష్టం. ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. మెడ మడతల్లో క్రీము మందంగా పూస్తే గంటలో తెల్లచారలు దిగుతాయి. పలచగా పూసి, తల పైకెత్తించి మడత సాగినప్పుడు స్పాంజితో అద్దాలి. రంగులేని పౌడరు కొద్దిగా చాలు. చెమటను తుడవకుండా మెత్తని నూలుబట్టతో ఒత్తాలి. నీడ దవడ ఎముక కింద పడాలి, ఎముక మీద కాదు. అక్కడి నుంచి మెడ మీదికి జారి కలిసిపోవాలి.

మెడ నల్లగా ఉందని బాధపడే పిల్లలు తక్కువేం లేరు. మందంగా, మఖమల్‌లా తోచే నలుపు మెడ వెనకా చంకల్లోనూ ఉంటే అది మురికి కాదు. ఇన్సులిన్ సరిగా పనిచేయనివాళ్లలో తరచూ కనబడే లక్షణం. పీచుతో, రాయితో రుద్దితే పుండు పడి ఇంకా నల్లబడుతుంది. షుగర్ పరీక్ష చేయించమని చెప్పే బ్యూటీషియన్ అసలైన మేలు చేసినట్టు. మెడ ముందు భాగంలో కొత్తగా వాపు వచ్చినా అంతే, థైరాయిడ్ చూపించుకోవాలి. పెండ్లిరోజుకు మాత్రం ఆ నలుపు మీద నారింజఛాయ కరెక్టర్ పలచగా వేసి, పైన ఫౌండేషన్ వేస్తే బూడిదరంగు తేలకుండా కప్పుతుంది.

పొట్టిగున్నది: మెడను పొట్టి చేసేది చాలాసార్లు దర్జీ, కంసాలి కలిసి. మగ్గం వర్కంతా ముందు మెడ చుట్టూ కుట్టించి, దాని మీద గొంతుకు పట్టేసే చోకర్, దాని కింద కంటె, ఆపైన హారం పెడితే చర్మం కనబడే జాగా మిగలదు. అన్ని తులాల బంగారం పెట్టిన అమ్మమ్మకు ఏదీ తీసేయొద్దని ఉండడం సహజమే. బేరమాడి అయినా చోకర్‌ను రిసెప్షన్‌కు జరపాలి. జాకెట్ మెడ లోతుగా యూ ఆకారంలో గానీ కోణంగా గానీ ఉండి, కాలర్ ఎముకల కింద నాలుగు వేళ్ల చర్మం కనబడుతూ, కాసులపేరులాంటి పొడుగు హారం రొమ్ము దాకా దిగితే మెడ పొడవు దానంతటదే తేలుతుంది. వర్కును చేతులకూ వీపుకూ మళ్లించొచ్చు. బోట్ నెక్, కాలర్ మెడ ఈ ముఖానికి వద్దే వద్దు.

దవడ దాకా వేలాడే వెడల్పు బుట్టకమ్మలు వెడల్పునే చూపిస్తాయి. వాటిని కొంచెం చిన్నవి చేసి, చెంపసరాలను చెవి నుంచి పైకి జుట్టులోకి బిగిస్తే చూపు పైకెక్కుతుంది. నడినెత్తి మీద జుట్టు కాస్త ఎత్తు చేసి జడ వీపు మీదికి వదలాలి. మల్లెలు భుజాల మీదికి రాకూడదు. గద్వాల చీర కట్టేవాళ్లకు ఒక జాగ్రత్త: వెడల్పు పట్టు అంచు కుచ్చులు మెడ పక్కన గట్టిగా నిలబడితే భుజం లేచి మెడను మింగేస్తుంది. పిన్నును భుజం చివరికి జరపాలి.

ఫోటోల: ఎదురుగా ఎల్ఈడీ పెట్టి వెలిగిస్తే మేకప్‌తో వేసిన నీడలన్నీ చదునైపోతాయి. దీపం కొంచెం పక్కన, కొంచెం పైన ఉండాలి. 1957 నాటి 'మాయాబజార్'లో సావిత్రిది గుండ్రని ముఖమే. మార్కస్ బార్ట్లే కెమెరా వెలుగులో ఆ బుగ్గలు ఎవరికైనా లోపంగా తోచాయా? గ్రూపు ఫోటోలో వైడ్ లెన్సు అంచులను సాగదీస్తుంది, కాబట్టి చివర నిలబడ్డవాళ్లు లావెక్కుతారు. పెండ్లికూతురు ఎట్లాగూ మధ్యలోనే ఉంటుంది, చివర నిలబడే అక్కచెల్లెళ్లకే ఈ మాట. సిగ్గుతో తల వంచితే గదవ కింద మడత పడుతుంది. గదవను కొంచెం ముందుకు తెచ్చి ఆ తర్వాత దించితే దవడ గీత నిలుస్తుంది. జింక్, టైటానియం ఉన్న సన్‌స్క్రీన్‌ను ఫ్లాష్ ముందు వాడితే ముఖం సున్నం కొట్టినట్టు వస్తుంది.

జర: మొత్తం వాక్యంలో తెలివైన పదం ఇదే. ఎంత చేసినా తేడా కొంచెమే, అంతకు మించితే ఎదురుగా నిలబడ్డవాళ్లకు రంగు కనబడుతుంది.

సన్నగ: సన్నగా ఉండాలన్న పట్టుదల సినిమాల్లోనూ ఎప్పుడూ ఒకే తీరుగా లేదు. 2018లో సావిత్రి కథగా వచ్చిన 'మహానటి' కోసం కీర్తి సురేశ్ సన్నని ముఖాన్ని సావిత్రి నిండుదనానికి దగ్గర చేశారు. ఆమెకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. మన తల్లుల పట్టుదల మాత్రం ఇంకా సన్నదనం మీదే.

కనవడాలె: అద్దం ముందు కూర్చుని చూసుకుంటే ముఖం ముందువైపే తెలుస్తుంది. మేకప్ అయ్యాక పిల్లను గుమ్మం దగ్గర నిలబెట్టి, తల అటూ ఇటూ తిప్పించి ఫోన్లో వీడియో తీస్తే దవడ కింద కలవని గీత వెంటనే బయటపడుతుంది. ఇక అందరూ మరిచేది పూలదండ. జీలకర్ర బెల్లం అయ్యాక మెడలో పడే లావుపాటి గులాబీదండ గదవ దాకా కప్పేస్తుంది. పార్లర్లో రెండు గంటలు పడ్డ శ్రమ దాని కిందే ఉంటుంది. పూలవాడికి అడ్వాన్సు ఇచ్చేరోజే సన్నదండ, పొడుగుదండ అని చెప్పి పెట్టాలి.