లుడ్విక్ ఫ్లెక్

లుడ్విక్ ఫ్లెక్ (జూలై 11, 1896 - జూన్ 5, 1961) పోలండుకు చెందిన వైద్యుడు, సూక్ష్మజీవ శాస్త్రవేత్త, విజ్ఞానశాస్త్ర తత్త్వవేత్త. శాస్త్రీయ వాస్తవం అనేది ఒక్క మనిషి ప్రకృతిని పరిశీలించి ఒక్కసారిగా కనుగొనేది కాదని, ఒకే రీతిగా ఆలోచించడానికి అలవాటుపడిన బృందం కాలక్రమంలో రూపొందించేదని ఇతడు ప్రతిపాదించాడు. ఈ వాదాన్ని వివరిస్తూ 1935లో జర్మన్ భాషలో ఇతడు వ్రాసిన గ్రంథం వెలువడినప్పుడు దానిని చదివినవారు బహు కొద్దిమంది. నాలుగు దశాబ్దాల తరువాత అదే గ్రంథం విజ్ఞానశాస్త్ర సామాజిక అధ్యయనానికి మూలగ్రంథాలలో ఒకటిగా గుర్తింపు పొందింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నాజీల నిర్బంధ శిబిరాలలో ఖైదీగా ఉంటూ టైఫస్ జ్వరానికి టీకా తయారు చేయవలసి రావడం ఇతని జీవితంలో ముఖ్య ఘట్టం.

జీవిత విశేషాలు

ఫ్లెక్ 1896లో ల్వూవ్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. అప్పట్లో ఆ నగరం ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలోని గలీషియా ప్రాంతానికి రాజధాని. మొదటి ప్రపంచయుద్ధం తరువాత పోలండులోను, రెండవ ప్రపంచయుద్ధం తరువాత సోవియట్ యూనియన్‌లోను చేరింది. ప్రస్తుతం ల్వీవ్ అనే పేరుతో ఉక్రెయిన్‌లో ఉంది. పోలిష్, జర్మన్ భాషలు రెండింటిలోను ఫ్లెక్‌కు సమానమైన ప్రావీణ్యం ఉండేది. ఇతడు ల్వూవ్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యను అభ్యసించాడు.

1920లో టైఫస్ జ్వర నిపుణుడు రుడాల్ఫ్ వైగల్ వద్ద సహాయకుడిగా చేరాడు. టైఫస్ జ్వరం, టైఫాయిడ్ ఒకటి కావు. టైఫస్ మనుషుల ఒంటి పేల ద్వారా వ్యాపిస్తుంది. దానికి కారణమైన రికెట్సియా అనే సూక్ష్మజీవిని వైగల్ పేల ప్రేగులలోనే పెంచి టీకా తయారు చేసేవాడు. 1923 నుండి ఫ్లెక్ ల్వూవ్ ఆసుపత్రుల ప్రయోగశాలలలో పనిచేశాడు. సొంతంగా ఒక ప్రయోగశాలను కూడా నెలకొల్పాడు. 1927లో వియన్నా వెళ్ళి కొన్ని వారాలపాటు రక్తరసి పరీక్షలను అధ్యయనం చేశాడు. 1928లో ల్వూవ్‌లోని ఆరోగ్యబీమా సంస్థ ప్రయోగశాలకు అధిపతి అయ్యాడు. యూదుల పట్ల వివక్ష పెరిగిన రోజులలో, 1935లో, ఆ పదవి పోయింది. అటు తరువాత తన సొంత ప్రయోగశాలలోనే పనిచేశాడు.

తత్త్వశాస్త్రంలో ఫ్లెక్ ఎటువంటి పదవినీ నిర్వహించలేదు. పగలు రక్తపరీక్షలు చేస్తూ, మిగిలిన వేళలలో చరిత్ర, తత్త్వశాస్త్రం, సమాజశాస్త్రం చదివేవాడు. వైద్యుల ఆలోచనా విధానంలోని ప్రత్యేకతలపై ఇతని తొలి తాత్త్విక వ్యాసం 1927లో వెలువడింది. ఏ ఇద్దరు రోగులలోను వ్యాధి ఒకే తీరుగా ఉండదు కనుక, వైద్యశాస్త్రం సాధారణ లక్షణాలను గాక తేడాలను పట్టి చూడవలసి వస్తుందని అందులో చూపాడు.

1935 గ్రంథం

ఫ్లెక్ ప్రధాన గ్రంథం 1935లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో ప్రచురితమైంది. "ఒక శాస్త్రీయ వాస్తవం పుట్టుక, వికాసం" అని దాని పేరుకు అర్థం. "వాస్తవం అంటే ఏమిటి?" అన్నది అందులోని ప్రధాన ప్రశ్న. దీనికి సమాధానం కోసం ఫ్లెక్ భౌతికశాస్త్రాన్ని గాని, ఖగోళశాస్త్రాన్ని గాని ఆశ్రయించలేదు. ప్రతిరోజూ తన చేతులమీదుగా జరిగే ఒక పరీక్షనే ఉదాహరణగా తీసుకున్నాడు. అది సిఫిలిస్ (సవాయి) రోగాన్ని గుర్తించే వాసర్‌మన్ పరీక్ష.

15వ శతాబ్దం చివర ఐరోపాలో వ్యాపించిన ఈ రోగానికి ఒక్కొక్క దేశంవారు పొరుగుదేశం పేరు పెట్టుకున్నారు. భారతదేశంలో భావమిశ్రుని భావప్రకాశంలో ఇది "ఫిరంగ రోగం"గా కనిపిస్తుంది. ఐరోపాలో ఈ రోగాన్ని గురించి అనేక భావనలు కలగలసి ఉండేవి. కామవాంఛకు దైవం విధించిన శిక్ష అని కొందరు, గ్రహసంయోగ ఫలం అని కొందరు, పాదరసంతో నయమయ్యే రోగం అని కొందరు భావించారు. రోగి రక్తం చెడిపోయి ఉంటుందన్న నమ్మకం వీటిలో ఒకటి. చెడు రక్తాన్ని పరీక్షలో పట్టుకోవాలన్న పట్టుదల శాస్త్రవేత్తలకు ఈ పాత నమ్మకం నుండే సంక్రమించిందని ఫ్లెక్ వాదించాడు. ఇటువంటి అస్పష్టమైన తొలి భావనలను ఇతడు "ఆదిమ భావనలు" అన్నాడు.

1905లో ఫ్రిట్జ్ షాడిన్, ఎరిక్ హాఫ్‌మన్ ఈ రోగానికి కారణమైన సూక్ష్మజీవిని గుర్తించారు. 1906లో ఆగస్ట్ వాన్ వాసర్‌మన్, ఆల్బర్ట్ నైసర్, కార్ల్ బ్రుక్ కలసి రక్తపరీక్షను ప్రకటించారు. ఈ రంగంలో ఫ్రెంచివారు ముందంజలో ఉండడం సహించని ప్రష్యా ప్రభుత్వ అధికారి ఫ్రెడరిక్ ఆల్తాఫ్ ప్రోత్సాహం ఈ పరిశోధన వెనుక ఉందని ఫ్లెక్ పేర్కొన్నాడు. అంటే పరిశోధనకు పూనుకోవడంలోనే దేశాల మధ్య పోటీ, ప్రజల భయం, నైతిక భావనలు పనిచేశాయి.

ఈ పరీక్ష చరిత్రలో విచిత్రమైన అంశం ఒకటి ఉంది. రోగి అవయవాల నుండి తీసిన సారంలో రోగక్రిమి సంబంధమైన పదార్థం ఉంటుందని, రక్తం దానితోనే చర్య జరుపుతుందని తొలి పరిశోధకులు తలచారు. కాని ఆరోగ్యవంతమైన అవయవాల సారంతో కూడా పరీక్ష అంతే చక్కగా పనిచేస్తుందని కొద్దికాలంలోనే తేలింది. ఆరంభంలో కేవలం 15-20 శాతం రోగులలో సరైన ఫలితం ఇచ్చిన పరీక్ష తరువాత 70-90 శాతానికి చేరిందని ఫ్లెక్ లెక్క చూపాడు. ఈ మెరుగుదల ఏ ఒక్క మేధావి ఆలోచనవల్లనో రాలేదు. ద్రవాల పాళ్ళు ఎంత ఉండాలి, ఎంత సేపు ఉంచాలి, ఏ రంగు కనిపిస్తే రోగం ఉన్నట్లు అనే విషయాలను పేరు తెలియని ఎందరో ప్రయోగశాల సిబ్బంది చేసి చూసి, ఒకరికొకరు చెప్పుకొని సరిదిద్దారు. ఇండియాకు బయలుదేరిన కొలంబస్ అమెరికా చేరినట్లుగా, తప్పుడు ఊహతో బయలుదేరిన పరిశోధకులు పనికివచ్చే పరీక్షను సాధించారు. తరువాతి కాలంలో వాసర్‌మన్ తాను మొదటినుండి ఇదే దారిలో నడిచినట్లు చెప్పుకున్నాడు. ఇది అబద్ధం కాదని, గెలిచిన తరువాత వెనక్కి చూస్తే వంకర దారి కూడా తిన్నగానే కనిపిస్తుందని ఫ్లెక్ వ్యాఖ్యానం.

ఈ పరీక్షలో నిజంగా పాలుపంచుకునే పదార్థం కార్డియోలిపిన్ అని మేరీ పాంగ్‌బోర్న్ 1941లో కనుగొన్నది. నేడు భారతదేశంలో గర్భిణీ స్త్రీలకు చేసే వి.డి.ఆర్.ఎల్. పరీక్ష కూడా కార్డియోలిపిన్ ఆధారంగానే పనిచేస్తుంది.

ముఖ్య భావనలు

ఆలోచనా బృందం: పరస్పరం ఆలోచనలు పంచుకునే మనుషుల సమూహాన్ని ఫ్లెక్ ఈ పేరుతో పిలిచాడు. ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటే చాలు, బృందం ఏర్పడినట్లే. ఒకే మనిషి ఏకకాలంలో అనేక బృందాలకు చెంది ఉండవచ్చు. ఒక సూక్ష్మజీవ శాస్త్రవేత్త తన వృత్తి బృందంలోను, మత బృందంలోను, రాజకీయ బృందంలోను సభ్యుడు కావచ్చు.

ఆలోచనా సరళి: ఒక బృందానికి చెందినవారు ఏ ప్రశ్నను ముఖ్యమని తలుస్తారు, దేనిని రుజువుగా ఒప్పుకుంటారు, దేనిని చూసి కూడా పట్టించుకోరు అనేవాటిని నిర్ణయించేది ఆలోచనా సరళి. సూక్ష్మదర్శిని ముందు మొదటిసారి కూర్చున్న విద్యార్థికి మసకగా మచ్చలు మాత్రమే కనిపిస్తాయి. గురువుకు అక్కడే సూక్ష్మజీవి స్పష్టంగా కనిపిస్తుంది. చూడడం అనేది శిక్షణతో వచ్చే విద్య. ఆ శిక్షణతోపాటే, అందులో ఇమడని వాటిని చూసే శక్తి తగ్గుతుందని కూడా ఫ్లెక్ అన్నాడు.

అంతర వలయం, బాహ్య వలయం: ప్రతి బృందంలో నిపుణుల చిన్న వలయం లోపల, సామాన్యుల పెద్ద వలయం వెలుపల ఉంటాయి. నిపుణుల పత్రికలలో ఒక విషయం "ఇలా ఉండవచ్చు" అన్న ధోరణిలో మొదలవుతుంది. మార్గదర్శక గ్రంథానికి చేరేసరికి అది స్థిరపడుతుంది. జనసామాన్యానికి చేరేసరికి సందేహాలన్నీ తొలగిపోయి తిరుగులేని సత్యంగా మారుతుంది. ఆ జనాభిప్రాయమే తిరిగి నిపుణుల విశ్వాసాన్ని బలపరుస్తుంది.

క్రియాశీల, నిష్క్రియ సంబంధాలు: జ్ఞానంలో కొంత భాగం మనుషుల ఎంపిక, కొంత భాగం తప్పించుకోలేని ఫలితం. ఆక్సిజన్ పరమాణు భారాన్ని 16గా తీసుకోవడం రసాయన శాస్త్రవేత్తలు ఒకప్పుడు చేసుకున్న ఎంపిక. ఆ ఎంపిక జరిగిన తరువాత హైడ్రోజన్ పరమాణు భారం 1.008 కావడం ఎవరి ఇష్టాయిష్టాలపైనా ఆధారపడదు. వాస్తవం అంటే ఇటువంటి ప్రతిఘటనే, అంటే ఆలోచన ఇష్టం వచ్చినట్లు పోకుండా అడ్డుకునేదే అని ఫ్లెక్ నిర్వచించాడు.

యుద్ధకాలం

1939లో ల్వూవ్ సోవియట్ ఆధీనంలోకి వచ్చింది. ఫ్లెక్ అక్కడి వైద్య విద్యాసంస్థలో సూక్ష్మజీవ శాస్త్ర విభాగానికి అధిపతి అయ్యాడు. 1941లో జర్మన్ సైన్యం నగరాన్ని ఆక్రమించి యూదులను ఘెట్టోలో నిర్బంధించింది. ఘెట్టోలో టైఫస్ విజృంభించింది. వైగల్ పద్ధతికి కావలసిన సాధనాలేవీ అక్కడ లేవు. టైఫస్ రోగుల మూత్రంలో రోగ సంబంధమైన పదార్థం ఉంటుందని ఫ్లెక్ గుర్తించి, దాని నుండి రోగనిర్ధారణ పద్ధతిని, టీకాను తయారుచేశాడు. ఈ సంగతి తెలిసిన జర్మన్లు 1942 డిసెంబరులో ఇతడిని కుటుంబంతో సహా నిర్బంధించి ఒక మందుల కర్మాగారంలో టీకా తయారీకి నియోగించారు. 1943 ఫిబ్రవరిలో ఆష్‌విట్జ్ శిబిరానికి పంపారు. ఫ్లెక్, ఇతని భార్య, కుమారుడు ముగ్గురూ యుద్ధానంతరం ప్రాణాలతో మిగిలారు.

తరువాత ఫ్లెక్‌ను బుకెన్‌వాల్డ్ శిబిరానికి తరలించి, 50వ నంబరు భవనంలోని టీకా ప్రయోగశాలలో నియమించారు. దానిపై ఎస్.ఎస్. వైద్యాధికారి ఎర్విన్ డింగ్-షూలర్ అధికారం చెలాయించేవాడు. కుందేళ్ళ ఊపిరితిత్తుల నుండి జర్మన్ సైనికులకు టీకా తయారు చేయడం అక్కడి ఖైదీల పని. వారిలో చదువుకున్నవారున్నా టైఫస్ నిపుణులు లేరు. పుస్తకాల సాయంతో పనిచేస్తూ, సూక్ష్మదర్శినిలో తమకు కనిపించినదే రికెట్సియా అని వారు తీర్మానించుకున్నారు. ఒకరి అభిప్రాయం మరొకరికి బలమై, పొరపాటు మీద పొరపాటు పేరుకొని, వారి పని అంతా చక్కగా కుదిరినట్లే కనిపించింది. ఫ్లెక్ వచ్చి చూసేసరికి అక్కడ ఉన్నది రికెట్సియా కాదని తెలిసింది.

తెలిసిన తరువాత ఖైదీలు ఆ పొరపాటును సరిదిద్దలేదు. పనిచేయని టీకాను ఎస్.ఎస్.కు సరఫరా చేస్తూ, పనిచేసే టీకాను స్వల్పంగా తయారుచేసి తోటి ఖైదీలకు రహస్యంగా ఇచ్చారు. బయటపడితే మరణశిక్ష తప్పని పని ఇది. 1945 ఏప్రిల్ 11న శిబిరం విముక్తి పొందింది. ఈ అనుభవాన్ని ఫ్లెక్ 1946లో ఒక పోలిష్ పత్రికలో తాత్త్విక వ్యాసంగా వ్రాశాడు. బృందం తనకు తాను నచ్చజెప్పుకుంటూ పొరపాటును ఎలా నిలబెట్టుకుంటుందో చెప్పడానికి ఇతనికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ మరొకటి లేదు.

ఫ్లెక్ వాంగ్మూలాలలోని వివరాలను, శిబిర ప్రయోగాలలో ఇతని పాత్రను ఎవా హెడ్‌ఫోర్స్ 2000వ దశకంలో ప్రశ్నించింది. ఆమె వాదనను పలువురు చరిత్రకారులు ఆధారాలతో ఖండించారు.

యుద్ధానంతర జీవితం

యుద్ధం తరువాత ఫ్లెక్ పోలండులోని లుబ్లిన్‌లోను, 1952 నుండి వార్సాలోను సూక్ష్మజీవ శాస్త్ర విభాగాలకు అధిపతిగా పనిచేశాడు. వాపు కలిగినప్పుడు తెల్లరక్తకణాలు గుంపులుగా చేరడాన్ని పరిశోధించి, దానికి "ల్యూకర్జీ" అని పేరు పెట్టాడు. 1948లో న్యూరెంబర్గ్‌లో ఐ.జి. ఫార్బెన్ సంస్థ అధికారులపై జరిగిన విచారణలో నిపుణుడిగా సాక్ష్యమిచ్చాడు. 1954లో పోలిష్ విజ్ఞానశాస్త్ర అకాడమీకి సభ్యుడిగా ఎన్నికయ్యాడు. 1957లో ఇజ్రాయెల్ వెళ్ళి నెస్ జియోనాలోని జీవశాస్త్ర పరిశోధనా సంస్థలో చేరాడు. 1961 జూన్ 5న అక్కడే గుండెపోటుతో మరణించాడు.

గుర్తింపు, ప్రభావం

అమెరికాకు చెందిన థామస్ కూన్ హాన్స్ రైషన్‌బాక్ పుస్తకంలోని ఒక పాదసూచిక ద్వారా ఫ్లెక్ గ్రంథం సంగతి తెలుసుకున్నాడు. 1962లో వెలువడిన తన "శాస్త్ర విప్లవాల నిర్మాణం" అనే గ్రంథం ముందుమాటలో, తన ఆలోచనలలో అనేకం ఫ్లెక్ ముందే చెప్పాడని పేర్కొన్నాడు. ఫ్లెక్ అప్పటికి మరణించి సంవత్సరం అయింది. 1979లో థాడియస్ ట్రెన్, సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ సంపాదకత్వంలో, కూన్ ముందుమాటతో ఆంగ్లానువాదం వెలువడింది. 1980లో జర్మన్ మూలం పునర్ముద్రణ పొందింది. మానవశాస్త్రవేత్త మేరీ డగ్లస్ 1986లో సంస్థల ఆలోచనా విధానంపై వ్రాసిన గ్రంథానికి ఫ్లెక్ భావనలు ముఖ్య ఆధారం. విజ్ఞానశాస్త్ర సామాజిక అధ్యయన సంఘం ఫ్లెక్ పేరిట ఒక గ్రంథ పురస్కారాన్ని నెలకొల్పింది.

విమర్శలు

సత్యం బృందాన్ని బట్టి మారేటట్లయితే తప్పొప్పులకు కొలబద్ద ఏమిటన్నది ఫ్లెక్ వాదంపై ప్రధాన విమర్శ. పోలండులోనే 1939లో వైద్య చరిత్రకారుడు తాదెవుష్ బిలికెవిచ్ ఇతనితో పత్రికాముఖంగా వాదించాడు. ఆలోచనా బృందం అన్న మాటకు సరిహద్దులు స్పష్టంగా లేవని, ఇద్దరి సంభాషణకు, ఒక శాస్త్రానికంతటికీ ఒకే పేరు పెట్టడం తగదని మరికొందరు అన్నారు. బృందానికి మనసు ఉన్నట్లు మాట్లాడడం తనకు ఇబ్బంది కలిగించిందని కూన్ కూడా తెలిపాడు.

సత్యం ఎవరి ఇష్టం వచ్చినట్లు వారు నిర్ణయించుకునేది కాదని ఫ్లెక్ స్పష్టంగానే చెప్పాడు. ఒక ఆలోచనా సరళిలో ఒక ప్రశ్నకు సమాధానం పూర్తిగా నిర్ణీతమై ఉంటుందని, ప్రకృతి ప్రతిఘటన ఎప్పుడూ ఉంటుందని ఇతని అభిప్రాయం. బుకెన్‌వాల్డ్ ఉదంతం దీనికే నిదర్శనం. బృందమంతా ఏకాభిప్రాయంతో ఒప్పుకున్నా అక్కడి టీకా మాత్రం పనిచేయలేదు. అయితే అది పనిచేయదని గుర్తించడానికి మరొక బృందంలో శిక్షణ పొందిన కన్ను అవసరమైంది.