బార్కింగ్‌ బరోలో బీఎన్‌పీ: 12 స్థానాల నుంచి సున్నాకు

తూర్పు లండన్‌లో ఉన్న బార్కింగ్‌ అండ్‌ డాగెన్‌హాం బరో కౌన్సిల్‌లో 51 స్థానాలున్నాయి. 2006, 2010 ఎన్నికల నాటికి వార్డులు 17. వార్డుకు ముగ్గురు సభ్యులు. ఓటరుకు మూడు ఓట్లు. అత్యధిక ఓట్లు పొందిన తొలి ముగ్గురే విజేతలు.

2006 మే 4న జరిగిన ఎన్నికల్లో వలసలను వ్యతిరేకించే తీవ్ర జాతీయవాద పక్షం బ్రిటిష్‌ నేషనల్‌ పార్టీ (బీఎన్‌పీ) 13 మందిని బరిలో దింపి 12 మందిని గెలిపించుకుంది. లేబర్‌ పార్టీ 38 స్థానాలతో అధికారం నిలబెట్టుకున్నా ప్రధాన ప్రతిపక్ష హోదా బీఎన్‌పీకి దక్కింది. కన్జర్వేటివ్‌లు ఒక్క స్థానంతో సరిపెట్టుకున్నారు.

డాగెన్‌హాం ఫోర్డు కర్మాగారంలో కార్ల తయారీ 2002లోనే నిలిచిపోయింది. 1980 నాటి చట్టం మేరకు కౌన్సిల్‌ ఇళ్లు అద్దెదారులకే అమ్ముడవుతూ రావడంతో ఇళ్లకు కరవొచ్చింది. ఇళ్లు తరిగింది అమ్మకాల వల్లనే తప్ప వలసదారుల వల్ల కాదు. అయినా ప్రజల అసంతృప్తిని బీఎన్‌పీ వారిపైకే మళ్లించగలిగింది.

2010 మే 6న సార్వత్రిక, స్థానిక ఎన్నికలు ఒకేరోజు జరిగాయి. లేబర్‌ కార్యకర్తలు, ఫాసిస్టు వ్యతిరేక సంఘాల వారు ఇంటింటికీ తిరిగారు. పోలింగ్‌ భారీగా పెరిగింది. మొత్తం 51 స్థానాలనూ లేబర్‌ కైవసం చేసుకోగా, బీఎన్‌పీ ఖాతా తెరవలేదు. బార్కింగ్‌ పార్లమెంటు స్థానంలో లేబర్‌ అభ్యర్థిని మార్గరెట్‌ హాడ్జ్‌ 16,555 ఓట్ల ఆధిక్యంతో గెలుపొందారు. బీఎన్‌పీ అధినేత నిక్‌ గ్రిఫిన్‌ మూడో స్థానానికి పరిమితమయ్యారు.

స్థానాలు పోయినా ఓట్లు మాయం కాలేదు. గ్రిఫిన్‌కు 6,620 ఓట్లు పోలయ్యాయి. వార్డులో తొలి ముగ్గురిలో లేనివారికి ఎన్ని ఓట్లు వచ్చినా ఈ పద్ధతిలో స్థానం దక్కదు. 2014, 2018, 2022 ఎన్నికల్లోనూ 51 స్థానాలూ లేబర్‌కే దక్కాయి.