తామర (వ్యాధి)

తామర శిలీంధ్రాల వలన చర్మానికి సోకే అంటువ్యాధి. చర్మం, వెంట్రుకలు, గోళ్ళలో ఉండే కెరటిన్ అనే మాంసకృత్తుపై బ్రతికే ట్రైకోఫైటాన్, మైక్రోస్పోరమ్, ఎపిడెర్మోఫైటాన్ ప్రజాతుల శిలీంధ్రాలు దీనికి కారణం. వేడి, తేమ కలిసిన గోదావరి డెల్టా వంటి ప్రాంతాలు ఈ వ్యాధికి అనుకూలం.

వ్యాప్తి

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత ఉభయ గోదావరి జిల్లాలలో కాలువల క్రింద వరి సాగు విస్తరించింది. సార్వా, దాళ్వా నాట్ల సమయంలో కూలీల పాదాలు గంటల తరబడి బురదనీటిలో నానుతాయి. నానిన చర్మంలో శిలీంధ్రం తేలికగా పెరుగుతుంది. రోగి వాడిన తువ్వాలు, దుస్తులు, దుప్పట్ల ద్వారా ఇంటిల్లిపాదికీ సోకవచ్చు.

లక్షణాలు

* శరీరంపై గుండ్రని మచ్చ ఏర్పడుతుంది. అంచు ఎర్రగా పొంగి పొలుసులతోను, మధ్యభాగం మానినట్లుగాను ఉంటుంది. దురద ఎక్కువ.
* గజ్జలలో వస్తే మచ్చ తొడల లోపలివైపుకు ప్రాకుతుంది.
* పాదాలలో వేళ్ళ సందులు, ముఖ్యంగా చివరి రెండు వేళ్ళ మధ్య, తెల్లగా నాని పగులుతాయి.

పోలిన వ్యాధులు

* శోభి: మలసేజియా అనే ఈస్టు వలన మెడ, ఛాతీ, వీపులపై తెల్లని లేదా గోధుమరంగు మచ్చలు వస్తాయి. ఇది అంటువ్యాధి కాదు. నయమైన తరువాత కూడా చర్మం రంగు మామూలు కావడానికి కొన్ని నెలలు పడుతుంది.
* కాండిడా: ఈ ఈస్టు వలన చర్మపు ముడతలు ఎర్రగా ఒరిసి, చుట్టూ చిన్న పొక్కులు వస్తాయి. మధుమేహం ఉన్నవారిలో ఎక్కువ.
* స్పర్శ తెలియని మచ్చ కుష్ఠువ్యాధి కావచ్చు. వెంటనే వైద్యునికి చూపించాలి.

చికిత్స

పొలుసును గీరి, పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి సూక్ష్మదర్శినితో చూస్తే శిలీంధ్రం కనిపిస్తుంది. కొద్దిపాటి తామరకు క్లోట్రిమజోల్ వంటి పైపూత మందును మచ్చ అంచు దాటి కూడా రాయాలి. మచ్చ పోయిన తరువాత మరో రెండు వారాలు కొనసాగించాలి. వ్యాధి ఎక్కువ భాగానికి ప్రాకినా, తలకు, గోళ్ళకు సోకినా వైద్యుని సలహాపై మాత్రలు వాడాలి. టెర్బినాఫిన్‌కు తరచుగా లొంగని ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే జాతి భారతదేశంలో వ్యాపించింది. దీనికి 2020లో ఈ పేరు పెట్టారు.

స్టెరాయిడ్ కలిసిన పూతమందులు రాస్తే దురద, ఎరుపు తగ్గి వ్యాధి నయమైనట్లు కనిపిస్తుంది. కాని శిలీంధ్రం చావదు. మందు మానగానే మరింత విస్తరిస్తుంది, గుండ్రని ఆకారం చెదిరి గుర్తించడం కూడా కష్టమవుతుంది. చర్మం పలుచబడి చారలు పడతాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ పూతలను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. వీటిని వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు.

నివారణ

* పని ముగిశాక కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోవాలి.
* తడి దుస్తులు మార్చుకొని, ఉతికినవాటిని ఎండలో ఆరవేయాలి.
* ఎవరి తువ్వాలు వారే వాడాలి.
* ఇంట్లో తామర ఉన్నవారందరూ ఒకేసారి చికిత్స పొందాలి. లేకపోతే ఒకరి నుండి ఒకరికి తిరిగి సోకుతుంది.